అలివేలు పుట్టువెంట్రుకలు

అలివేలుకు తల దువ్వడం కొత్త కోడలు హైమావతికి ఆ ఇంట్లో అప్పగించిన మొదటి పని. బావగారి కూతురు. నాలుగేళ్లొచ్చినా పుట్టువెంట్రుకలు తీయలేదు. మూర్ఛ వచ్చి పడ్డప్పుడు తగిలిన దెబ్బలు ఇరుగుపొరుగుకు కనబడకుండా పాపిడి మళ్లించి దువ్వాలి. తిరుపతిలో బీఎస్సీ చదివిన హైమావతికి అదీ ముచ్చటే. ఆ నెలంతా ఆమెకు అన్నీ ముచ్చట్లే: చిత్తూరు బస్సులో కిటికీ సీటు, మూరెడు మల్లెలు, "నీ జడ చూసే కట్టుకున్నా" అని భర్త ధనంజయ చెవిలో అన్న మాట.

దువ్వుతుండగానే పిల్ల కళ్లు పైకి తేలిపోయేవి. రోజుకు ఇరవైసార్లు. మూడు రకాల మాత్రలు మార్చినా ఆగలేదు. మెదడులో చెడిన చోటు కోసి తీస్తే ఆగే వీలుందని, ఆలస్యమైతే ఉన్న మాటలూ పోతాయని వేలూరు డాక్టరు చెప్పాడు. ఆసుపత్రిలో రెండుసార్లు మంచం ఇస్తామన్నారు. రెండుసార్లూ అత్త శకుంతలమ్మ పోనివ్వలేదు.

"ఏడుకొండలవాడికి మొక్కిన యెంట్రుకలు. ఆసుపత్రోడు గొరుగుతాడా?"

"అయితే ముందు కొండకే పోదాం అత్తా."

"ఆడ నలుగురిలో ఇది తన్నుకులాడితే? మనింట్లో మూర్ఛ రోగం ఉండాదని ఊరంతా టముకెయ్యాల్నా?"

"నీ తల నువ్వు దువ్వుకోరాదా? ఊళ్లో తలకాయలన్నీ నీకేల?" అని ధనంజయ నవ్వాడు. హైమావతీ నవ్వింది. ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తర్వాత ఆమెకు చెంపలు మండేవి.

బావగారు అమ్మ మాట దాటడు. పిల్ల తల్లి చెంగమ్మ నోరెత్తేది కాదు. ఒకరోజు కూతురికి చారన్నం పెడుతూ అంది: "పోయినేడు 'బువ్వ' అనేది. 'నాయన' అనేది. ఇప్పుడు 'అమ్మ' ఒకటే మిగిలుండాది. అదీ పొద్దున పూట."

మూడో ఉత్తరం వచ్చింది: సోమవారం చేర్చండి, తల్లి సంతకం చాలు, ఇక మళ్లీ మంచం ఇవ్వలేం. అత్త దాన్ని పొయ్యిలో పెట్టింది. అప్పటికే హైమావతి చదివేసింది.

సోమవారం పొద్దున అత్త గుడికి పోగానే హైమావతి పెరట్లో చెంగమ్మ ఒళ్లో పిల్లను కూర్చోబెట్టి, ధనంజయ గడ్డం గీసుకునే రేజరు తీసింది.

"ఆసుపత్రోడు గొరగకూడదు, అంతే గదక్కా. నేను గొరుగుతా."

సగం అయ్యేసరికి పిల్ల బిగుసుకుపోయింది. ఇద్దరూ పిల్లను పక్కకు ఒరిగించి పట్టుకున్నారు. పిల్ల తేరుకున్నాక మిగతా సగం. పాపిడి కింద ఇన్నాళ్లూ దువ్వి దాచిన మచ్చలన్నీ ఒక్కసారిగా ఎండలోకి వచ్చాయి.

గుడి నుంచి వచ్చిన అత్త చేతిలో కొబ్బరిచిప్ప జారింది. "మొక్కిన తలే అది! దేవుడికి ఏం జవాబు చెప్తావే?"

హైమావతి తన పెళ్లినాటి పట్టు రుమాల్లో ఆ వెంట్రుకలు మూటగట్టింది. "ఇవి కొండకు చేరుస్తా అత్తా. చాలకపోతే నావి ఉండాయి."

"గుండుతో వచ్చి ఈ గడప తొక్కు, సూస్తా! నా కొడుకు నీ మొగం సూస్తాడంటావా?"

వేలూరు బస్సులో కిటికీ సీటు దొరికింది. పక్కన చెంగమ్మ, ఆమె ఒళ్లో అలివేలు. హైమావతి జడ ముందుకు వేసుకుని చివరిదాకా నిమిరింది. జడ చూసి కట్టుకున్నవాడికి, జడ లేకపోతే తనెవరో తెలుస్తుందా? పెళ్లయినాక మొదటిసారి, ఆ సంగతి తేల్చుకోవాలని ఆమెకు తొందరగా ఉంది.