డెస్మండ్ వద్దన్న వాటా

షెఫీల్డ్‌లోని బ్రూమ్‌హెడ్ కత్తెరల కంపెనీ అప్పులపాలై మూతపడలేదు. బాకీలన్నీ తీర్చినా బ్యాంకులో సొమ్ము మిగిలింది. డెస్మండ్‌కి అరవై ఏడేళ్ళు, కుడి భుజం పైకి లేవడం లేదు. అతని తర్వాత సుత్తి పట్టేవాళ్ళు ఇంట్లో లేరు. చెరి సగం వాటా ఉన్న అతనూ, అక్క గ్లెనిస్సూ కలిసి కంపెనీని మూసేయాలనుకున్నారు.

మూసివేత పని చూస్తున్న లిక్విడేటర్ ఇమోజెన్ పెల్ కాగితాలు ముందు పెట్టి నిదానంగా చెప్పింది.

“కంపెనీ నడుస్తుండగా ఈ డబ్బు తీసుకుంటే డివిడెండ్ అంటారు. పన్ను నూటికి ముప్పై ఎనిమిది దాకా పోతుంది. మూసేసి పంచుకుంటే మీ షేర్లు అమ్ముకున్నట్టు లెక్క. మీకు నూటికి పదే. కానీ రెండేళ్ళ దాకా మళ్ళీ ఇదే వ్యాపారంలో దిగకూడదు. దిగితే, పన్ను తప్పించుకోడానికే మూశారా అని అడుగుతారు.”

“ఈ భుజంతో ఎక్కడ దిగుతానమ్మా” అన్నాడు డెస్మండ్.

గ్లెనిస్ తన వాటాతో కింది అంతస్తులోనే పడకగది, స్నానాలగది కట్టించింది. ఆమె భర్త సెడ్రిక్ మెట్లెక్కలేకపోయి ఏడాదైంది.

ఎనిమిది నెలల తర్వాత ఇవాన్ మార్స్‌డెన్ అనే ఆవిడ డెస్మండ్ ఇంటికొచ్చింది. బ్రూమ్‌హెడ్‌లో పంతొమ్మిదేళ్ళు సాన పట్టిన మనిషి. ఉద్యోగం పోయినప్పుడు వచ్చిన డబ్బుతో పాత యంత్రాలు కొని సొంతంగా చిన్న కంపెనీ పెట్టింది. ఒక కత్తెర బల్ల మీద పెట్టింది.

“తెగడం లేదు పెద్దాయనా, గుడ్డని నమిలేస్తోంది.”

డెస్మండ్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఆడించాడు. “రెక్కకి వంపు చాల్లేదు. సుత్తితో తట్టి తేవాలి.”

“అదే నాకు చేతకావడం లేదు. మీరు రండి. సగం వాటా రాసిస్తాను. రెక్క మీద మీ ఇంటిపేరే కొడదాం. కొట్లవాళ్ళు ఆ పేరే అడుగుతున్నారు.”

అది అతని తాత మొదలుపెట్టిన పేరు. మూడోనాడు డెస్మండ్ ఇమోజెన్ దగ్గరికి వెళ్ళాడు.

“వాటా తీసుకుంటే చిక్కు మీ ఒక్కరికే కాదు” అందామె. “తోబుట్టువుకి కొత్త కంపెనీలో వాటా ఉన్నా చట్టానికి చాలు. మీ అక్కగారి డబ్బుని కూడా డివిడెండ్ అనొచ్చు. మీకు ఆ ఉద్దేశం లేదని వాదిస్తాం. గెలుస్తామని మాత్రం మాటివ్వలేను.”

“ఊరికే వెళ్ళి పని నేర్పితే?”

“ఇవాన్ మీకు బంధువు కాదు. వాటా, భాగస్వామ్యం లేకపోతే ఈ నిబంధన అడ్డురాదు.”

సంగతి విని గ్లెనిస్ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. “తీసుకోరా. తాత పేరు కదా. నా తిప్పలేవో నేను పడతాను.”

“ఎలా పడతావక్కా? పన్ను కట్టడానికి ఆ గోడలు పీకి అమ్ముతావా?”

పక్కగదిలో సెడ్రిక్ దగ్గుతున్నాడు.

మర్నాడు డెస్మండ్ ఇవాన్ షెడ్డుకి వెళ్ళాడు. “వాటా వద్దు. జీతమూ వద్దు. రెక్క మీద నీ పేరు కొట్టుకో.”

“నా పేరు ఎవరికి తెలుసు?”

“మా తాత పేరు మాత్రం మొదటిరోజు ఎవరికి తెలుసు?”

ఆ చలికాలమంతా వారానికి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళాడు. స్టూలు మీద కూర్చుని, ఎడమచేత్తో చోటు చూపించి, ఆమె సుత్తి దెబ్బ వినేవాడు. “గట్టిగా కొట్టకు. తట్టు, అంతే.” మార్చిలో ఒకరోజు ఆమె చేసిన కత్తెర తడి కాగితాన్ని మొదటినుంచి కొసదాకా చిరగకుండా కోసింది. డెస్మండ్ దాన్ని అమ్మకానికి పెట్టే వరసలో ఉంచాడు.

కంపెనీ మూశాక వచ్చిన రెండో శరదృతువులో సెడ్రిక్ ఆ కింది గదిలోనే, తన మంచం మీదే పోయాడు. ఖననం అయ్యాక గ్లెనిస్ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. “వృద్ధాశ్రమానికి పంపాల్సి రాలేదు” అని మాత్రం అంది.

రెండేళ్ళ గడువు తీరాక ఇవాన్ మళ్ళీ వాటా మాటెత్తింది. అప్పటికి మార్స్‌డెన్ కత్తెర కావాలని అడిగి కొంటున్నారు. డెస్మండ్ తల అడ్డంగా ఊపి, కొత్తగా సాన పట్టిన రెక్కల జత ఇటివ్వమన్నాడు.