పెట్టెలో మనిషి

ఆమె పావురాల గూడు కడుగుతోంది. వసారాలోంచి అత్తగారి మాట వినబడింది.

"దాని నడుము ఏటేటా పెరుగుతోంది, పెట్టె పెరగదాయె. ఇంక అందులో నీ కూతుర్ని పడుకోబెట్టరా. తీగలా ఉంది."

"నేనూ అదే అనుకుంటున్నానమ్మా. రేపు స్కూల్లో షో ఒక్కటీ ఈవిడతో కానిచ్చేస్తాను," అన్నాడు భర్త.

ఊళ్ళో అందరూ అతన్ని మెజీషియన్ గారంటారు. ఆమెని పెట్టెలో ఆవిడ అంటారు. పావురాలకి గింజలు వెయ్యడం, పట్టు రుమాళ్ళు ఉతికి ఇస్త్రీ చెయ్యడం, అతని నల్లకోటుకి దొంగజేబులు కుట్టడం, ఇవన్నీ అంట్లు తోమడంతో పాటు ఇంటిపనిలో కలిసిపోయాయి. ఇక స్టేజీ మీద పని. "పెట్టెలో పడుకోవడం కూడా ఒక పనేనా వదినా, మాకిప్పిస్తే హాయిగా నిద్రపోతాం," అని ఆడపడుచు ఒకసారి నవ్వింది. ఆ పడుకోవడం ఎలాంటిదో ఆమె మోకాళ్ళకి తెలుసు. మూత పడగానే వాటిని గుండెలకి హత్తుకుని పై సగంలోకి ముడుచుకుపోవాలి. అటు చివర జనానికి కనబడే పాదాలు కొయ్యవి. పూర్తిగా ముడుచుకున్నాక లోపలినుంచి వేలితో తట్టాలి. ఆ చప్పుడు విన్నాకే అతను పెట్టెని రెండుగా కోస్తూ రంపం ఆడించాలి. అంతసేపూ పెట్టె బయట ఉన్న మొహం నవ్వుతూనే ఉండాలి. "పెట్టెలో మనిషి నవ్వాలి, మాట్లాడకూడదు." పెళ్ళయిన కొత్తలో అతను నేర్పిన మొదటి పాఠం అది. చప్పట్లు మోగేటప్పుడు అతను వంగి నమస్కారం పెడతాడు. ఆమె అప్పటికింకా తిమ్మిరెక్కిన కాళ్ళు విడదీసుకుంటూ ఉంటుంది.

మర్నాడు స్కూలు హాలు పిల్లలతో, తల్లులతో కిటకిటలాడింది. మూత పడింది. ఎడమ మోకాలు మడతపడనంది. ఇంకా కొంచెం, ఇంకా కొంచెం అని ఆమె దాన్ని బతిమాలుతుండగానే పెట్టె కదిలింది. అతను ముందువరసలో ఎవరినో చూసి నవ్వుతూ రంపం మొదలుపెట్టేశాడు. ఆమె తట్టనే లేదు.

రంపం పళ్ళ చప్పుడు చెక్కలోంచి మోకాలి వైపు వస్తోంది.

"ఏమండీ, ఒక్క క్షణం ఆగండి," అంది ఆమె, హాలంతా వినబడేలా. "పొయ్యి మీద పాలు పెట్టొచ్చాను. రెండు ముక్కలయ్యాక ఎవరు దింపుతారు?"

హాలు ఒక్కసారిగా నవ్వింది. ముందు తల్లులు, తరవాత పిల్లలు. రంపం ఆగింది. మోకాలికి ఇంకాస్త టైము కావాలి.

"అయినా ఒకందుకు మంచిదే లెండి. చేతులున్న సగాన్ని వంటింట్లో వదిలేసి, కాళ్ళున్న సగాన్ని బజారుకి పంపండి. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయి."

వెనక వరసలో ఒకావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఆ నవ్వు కింద మోకాలు మెల్లగా మడతపడింది. ఆమె తట్టింది. రంపం మళ్ళీ ఆడి, పెట్టె రెండు ముక్కలైంది. చప్పట్లు చాలాసేపు మోగాయి. పెట్టెలోంచి లేస్తుంటే ఆమెకి ఒక సంగతి తెలిసింది. ఇంతమందిని తను చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుంది. అదీ నొప్పితో, కదలడానికి వీల్లేని చోట ఇరుక్కుని. జనాన్ని రంజింపజెయ్యడమంటే అదే అయితే, ఇన్నేళ్ళూ తను సామాను కాదు.

తెరవెనక అతను కోటు విప్పి ఆమె మీదకి విసిరాడు. "నిన్నెవరు మాట్లాడమన్నారు? నా పరువు తీశావు."

"నేను తట్టలేదు."

"తట్టడమేమిటి?" అన్నాడు అతను. ఒక్క క్షణం ఆలోచించాడు. "ఓ, అదా. అది వినడం ఎప్పుడో మానేశాను. ఎలాగూ సరిగ్గా ముడుచుకుంటావుగా."

ఆమె కోటు మడతపెట్టడం ఆపింది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడొక్కటే తన ప్రాణానికి కాపలా అనుకుంది. వచ్చేవారం ఆ పెట్టెలో తన కూతురు పడుకుంటుంది. తడుతుంది. నాన్న వింటున్నాడనుకుంటుంది.

ఇంటికొచ్చి పెట్టె దింపగానే పిల్ల ఉత్సాహంగా ఎక్కి పడుకుంది. "చూడమ్మా, ఎంత బాగా పట్టానో."

"దిగు."

"అమ్మా, ఒక్కసారి."

"దిగమన్నానా."

పిల్ల దిగింది. ఆమె చేతిమీదున్న కోటు దులిపి తొడుక్కుంది. భుజాల దగ్గర కాస్త వదులు. సాయంత్రం కూర్చుని సరిచేసుకోవచ్చు. పెట్టె పక్కనున్న రంపం చేతిలోకి తీసుకుంది.

"పిల్ల ఎక్కదు. నేనూ ఎక్కను," అంది భర్తతో. "ఈసారి మీరెక్కండి."

అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "మొగుణ్ణి పెళ్ళాం కోస్తానంటే చూడ్డానికి ఎవరొస్తారే?"

"టిక్కెట్టు కొనుక్కుని మరీ వస్తారత్తయ్యా."

పిల్ల ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు. పెట్టె కేసి, ఆమె చేతిలో రంపం కేసి, తన పొట్ట కేసి చూసుకున్నాడు. "నేను పట్టను," అన్నాడు, గొంతు తగ్గించి.

"పెద్దది చేయిద్దాం," అంది ఆమె. "భయపడకండి. మీరు తట్టేదాకా ఆగుతాను. నాకు వినబడుతుంది."