అంకెలు లెక్కపెట్టే మహారాణి

మాటల్లేకుండా రాసిన ఒకే ఒక్క సీనుకి మాటలు కావాలని మధ్యాహ్నం ఫోనొచ్చింది. "వెంటనే డబ్బింగ్ థియేటర్‌కి రండి మాస్టారూ, సాయంత్రం ప్రసారం" అని పెట్టేశారు. భోజనం సగంలో ఉంది. కంచం మీద మూత పెట్టి బయల్దేరాను.

మాది ఒక మహారాణి కథ మీద నడిచే సీరియల్. మాటలు నావి. సభలో రాజ్యం, ఇంట్లో సంసారం, ఈ రెంటి మధ్య నలిగిపోయే ఆడమనిషి కథ అని మొదట చెప్పారు. నమ్మి ఒప్పుకున్నాను. తీరా చూస్తే సింహాసనం రోజూ ఉంటుంది, పడగ్గది ఎప్పుడో గాని రాదు. వచ్చినా మంచం కింద ఎవడో ఒకడు కత్తి పట్టుకుని దాక్కునే ఉంటాడు.

ఈవేళ్టి భాగంలో రాజు పోతాడు. విషప్రయోగం కాదు, మామూలు జ్వరం. పగలంతా మహారాణి కంట తడి పెట్టకుండా సభలో కూర్చుని సామంతులకి జవాబులు చెబుతుంది. పొద్దువాలాక పడగ్గదికి వస్తుంది. చలిగాలి వీస్తుంటుంది. అలవాటు కొద్దీ కిటికీ మూయబోయి, రెక్క మీద చెయ్యి వేసి, మంచం వైపు చూసి ఆగిపోతుంది. అంతే. మాటలు లేవు. సంగీతం కూడా వద్దని కింద గీత గీసి మరీ రాశాను. ఆ అరపేజీ కోసం ఉరుములాయనతో ఎన్నాళ్లు పోట్లాడానో నాకే తెలుసు.

ఉరుములాయన అంటే మా దర్శకుడు. ఎవరు తలుపు తీసినా మూడు ఉరుములు వేయిస్తాడు. చెడ్డవాడు కాదు. నేను మెట్లెక్కలేకపోతున్నానని చూసి, అడక్కుండానే నా గదిని కిందికి మార్పించాడు. అందుకే ఆయన్ని నోరారా తిట్టుకునే భాగ్యం కూడా నాకు లేదు.

థియేటర్లో ఆయన తెర ముందు పచార్లు చేస్తున్నాడు. అద్దాల గదిలో మైకు దగ్గర గొంతమ్మ వేణ్ణీళ్లు తాగుతోంది. మహారాణికి గొంతిచ్చేది ఆవిడే. ఆవిడ అసలు పేరు జీతం ఇచ్చేవాడికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"చూడు మాస్టారూ," అని ఉరుములాయన బొమ్మ వేయించాడు.

మహారాణి వచ్చింది. కిటికీ రెక్క మీద చెయ్యి వేసింది. మంచం వైపు తిరిగింది. ఎంత బాగా చూసిందో! ఇన్నాళ్ల కష్టం ఫలించిందనుకున్నాను. అప్పుడు ఆవిడ పెదవులు కదలడం మొదలుపెట్టాయి. ఆగకుండా కదిలాయి.

"ఏమంటోంది?" అన్నాను.

"ఏమంటుంది? అంకెలు!"

ఈ అంకెల సంగతి చెప్పాలి. మా కథానాయికకి మన భాష రాదు. మాటలు బట్టీ పట్టించబోయి మొదటి వారంలోనే మానుకున్నాం. అప్పట్నుంచి కెమెరా ముందు తన భాషలో ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతుంది. కోపమైతే గట్టిగా, ప్రేమైతే మెల్లిగా. తర్వాత నా మాటల్ని గొంతమ్మ ఆ పెదవులకి అతికిస్తుంది. ఊరంతా కళ్లు తుడుచుకున్న వియోగం సీనులో ఆవిడ లెక్క వందకి చేరువైంది.

"ఈ సీనులో మాటల్లేవని ఆవిడకి చెప్పలేదా?"

"చెప్పానయ్యా! నోరు మూసుకుంటే ఏడుపు రావట్లేదంది. లెక్కపెట్టనిస్తే వస్తుందంది. ఏడుపు కావాలా, నోరు మూసుకోవడం కావాలా? ఏడుపు తీసుకున్నా."

"మళ్లీ తియ్యండి."

"ఎక్కడ తీసేది? పడగ్గది సెట్టు తెల్లారేసరికి చెరసాల అయిపోయింది."

"పోనీ, వెనకనించి తీసిన షాటు?"

"అటువైపు గోడకి రంగు ఆరలేదని తియ్యలేదు."

ఎటు తిరిగినా గోడే. కుర్చీలో కూలబడ్డాను. గొంతమ్మ అద్దం అవతలనించి నా వైపు చూసి, ఫ్లాస్కు ఎత్తి, కావాలా అన్నట్టు సైగ చేసింది. వద్దన్నాను గాని, ఆ అడగడంతో కొంత ఊపిరి తిరిగింది.

ఇంతలో ఛానెల్ మేడమ్ ఫోను. ఉరుములాయన స్పీకరు పెట్టాడు.

"పెదవులు కదిలితే మంచిదే కదండీ! శపథం పెట్టేయండి. 'ప్రభూ! మీ రక్తపు బొట్టు బొట్టుకీ బదులు తీర్చుకుంటా!' ఎలా ఉంది?"

"జ్వరంతో పోయినవాడికి రక్తపు బొట్టెక్కడిదమ్మా?" అన్నాను.

"మాస్టారూ, చూసేవాళ్లు అంత ఆలోచించరండీ."

చూసేవాళ్లలో మా వదిన కూడా ఉంది. పప్పులో చిన్న రాయి తగిలినా ఊరుకునే మనిషి కాదు.

గొంతమ్మ శపథం చేసి చూసింది. 'ప్ర' అన్నప్పుడు పెదవులు కలవాలి, 'భూ' అన్నప్పుడు కలవాలి, బొట్టు బొట్టుకీ కలవాలి. తెర మీద మహారాణి నోరేమో చాలాసేపు తెరిచే ఉంది. భర్త పోయిన మనిషి శపథం చేస్తున్నట్టు లేదు, వేడి ముద్ద నోట్లో పెట్టుకుని అవస్థ పడుతున్నట్టుంది. గొంతమ్మ నవ్వు ఆపుకోలేక మైకు కట్టేసింది.

"నవ్వకే తల్లీ, టైమైపోతోంది," అని ఉరుములాయన నెత్తి కొట్టుకున్నాడు. "మాస్టారూ, ఏదో ఒకటి రాయి! నీకు దణ్ణం పెడతా!"

బొమ్మ మళ్లీ వేయించుకున్నాను. మళ్లీ మళ్లీ చూశాను. నడిమికి వచ్చాక పెదవులు కలుస్తున్నాయి, ఇంకాస్త ఆగి మళ్లీ కలుస్తున్నాయి. మిగతాదంతా తెరిచిన నోరే. చెయ్యి కిటికీ మీద. చూపు మంచం మీద.

మా ఆవిడ పోయిన కొత్తలో ఇంట్లో నేను పెద్దమాటలేవీ అనలేదు. లైటు తియ్యనా అని అడిగేవాణ్ణి. పాలు పొంగుతున్నాయి చూడు అనేవాణ్ణి. అని, నేనే వెళ్లి చూసేవాణ్ణి.

కాగితం మీద ఒక ముక్క రాసి గొంతమ్మకి ఇచ్చాను. చదివి తలెత్తింది.

"ఎవరితో అంటోంది మాస్టారూ? ఆయన లేడుగా?"

"లేడన్నది ఆవిడకింకా అలవాటు కాలేదమ్మా."

గొంతమ్మ నా మొహం వైపు ఒక్క క్షణం చూసింది. మైకు ముందుకి జరిగి, సభలో వాడే గొంతు పక్కన పెట్టేసి, ఇంట్లో మనిషిలా మెల్లిగా అంది:

"కిటికీ వెయ్యనా? మీకు చలి పడదుగా..."

'మీకు' దగ్గర పెదవులు కలిశాయి. 'పడదు' దగ్గర కలిశాయి. అంకెలు ఎటు పోయాయో పోయాయి. నేను కోరుకున్న నిశ్శబ్దం అది కాదు, దానికి దగ్గరి చుట్టం.

ఉరుములాయన పచార్లు ఆపాడు. తెర చీకటయ్యాక కూడా కదల్లేదు. తర్వాత ఫోను తీసి, "మేడమ్, శపథం పెదవులకి కలవట్లేదు. ఈవేళ్టికి కుదరదు," అన్నాడు. కలవకపోయినా ఆయన అతికించిన మాటలు కోకొల్లలు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మేడమ్‌కీ తెలుసు.

"రేపు పెట్టాల్సిందే మరి!"

"రేపు పెట్టిస్తా. మాస్టారు రాస్తారు."

ఫోను పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఒక్క ఉరుము వేసుకోనీ."

"వద్దు."

"చిన్నది."

"సీను అయిపోయాక వేసుకో."

"అయిపోయాక ఎవడిక్కావాలయ్యా!" అని విసుక్కున్నాడు గాని, సౌండాయనకి అలాగే చెప్పాడు.

రేపటి శపథానికి కాగితాలు తీశాను. పగ ఎవరి మీదో తెలియందే కలం కదలదు. అదే అడిగాను.

"వైద్యుడి మీద పెట్టు," అన్నాడు.

"పాపం, రాజు తలాపి దగ్గరే కూర్చుని మందులు నూరాడు కదయ్యా. నేనే రాశాను."

"ఆ సీను పొద్దున్నే కోసేశాం," అన్నాడు ఉరుములాయన.