నిచ్చెనమ్మ పీట

స్టెతస్కోపు బిళ్ళను అరచేతిలో మూసి పట్టుకుని ఆమె వార్డులోకి వచ్చింది. తన గది నుంచి మొదటి మంచం దాకా నడిచేసరికి ఆ లోహానికి ఒంటి వెచ్చదనం వస్తుంది. ముందు ముక్కాలి పీటతో ఆయా, వెనక చిన్న డాక్టరు. డాక్టరమ్మ చాలా పొడవైన మనిషి. ప్రతి గుమ్మం దగ్గరా వంగి వంగి భుజాలు ముందుకు ఒరిగిపోయాయి. పడుకున్న బిడ్డ మీదికి అంతెత్తు నుంచి ఒక ముఖం దిగి రావడం భయపెడుతుందని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే గ్రహించి ఆ పీట చేయించుకుంది. దాని మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డాన్ని తాకుతాయి. ముఖం మాత్రం పిల్లల ముఖానికి జానెడు కిందికి చేరుతుంది. ఆ మడతపడే తీరు చూసి ఎవరో పిల్లవాడు ‘నిచ్చెనమ్మ’ అన్నాడు. ఆ పేరు డిగ్రీ పట్టాలకన్నా గట్టిగా అతుక్కుపోయింది.

పిల్లల విభాగానికి పెద్ద అయి చాలాకాలమైనా ఆమె పేరిట చెప్పుకోదగ్గ పరిశోధనలు లేవు. ఒక నియమం మాత్రం ఉంది. ఆ వార్డులో పిల్లలతో ఎవరూ అబద్ధమాడకూడదు. సూది గుచ్చేముందు నొప్పి ఉండదని అనకూడదు. ‘చీమకన్నా ఎక్కువ, తేలుకన్నా తక్కువ’ అనాలి. ఒకసారి మోసపోయిన బిడ్డ మరోసారి నొప్పి ఎక్కడుందో నిజం చెప్పదు. ఇందులో ధర్మపన్నాలేవీ లేవనీ, ఇది కేవలం అనుభవం తేల్చిన సంగతి అనీ ఆమె అనేది.

కిటికీ పక్క మంచం మీది పిల్ల ఆ ఉదయం దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. రక్తపు జబ్బు. జుట్టు రాలిన తలకు రంగుగుడ్డ కట్టించుకుంది. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం. మంచం పక్కన జత చెప్పులు, మొనలు తలుపు వైపు. ఎడమదాని తెగిన పట్టీకి పిన్నీసు.

“ఏంటే, ఇంత సింగారం?” అంటూ ఆమె పీట మీద మడతపడింది.

“ఇవాళ ఇంటికెళ్తున్నాగా! మా పిల్లి పిల్లల్ని పెట్టింది. ఇంకా కళ్ళు తెరవలేదంట. నే వెళ్ళేలోపు తెరిచేస్తాయేమో.”

“ఇంటికని ఎవరన్నారు?”

పిల్ల వేలు చిన్న డాక్టరు వైపు తిరిగింది. మందులు ఇక పనిచేయడం లేదని ముందురోజు పరీక్షల్లో తేలిపోయింది. మిగిలినది ఇవాళో రేపో.

ఆమె బిళ్ళను పిల్ల గుండె మీద ఆనించి చాలాసేపు విన్నది. “మావాడు మాటిచ్చాడంటే నేనిచ్చినట్టే. కాస్త ఆగు, ఏం చెయ్యగలనో చూసొస్తా.”

తన గదికి వచ్చి ఆమె తలుపు మూసీ మూయకముందే చిన్న డాక్టరు అందుకున్నాడు. “నరం దొరకలేదు మేడమ్. పొడిచిన చోటే పొడిచాను. నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే నోటికొచ్చేసింది. నేనే వెళ్ళి తప్పు ఒప్పుకుంటాను.”

“ఒప్పుకుంటే నీ బరువు దిగుతుంది. దాని బరువు?” ఆమె గ్లాసులో నీళ్ళు పోసి ఇచ్చింది. “నీ ఏడుపు ఆపుకోవడానికి ఆ మాట అన్నావు నాయనా, దాని ఏడుపు ఆపడానికి కాదు. సరే, తాగు. అన్నమాటను నిజం చెయ్యడమెలాగో చూద్దాం.”

వరండా బల్ల మీద పిల్ల తల్లీ, అమ్మమ్మా ఉన్నారు. ఆమె వాళ్ళ మధ్య కూర్చుంది.

“ఇక్కడుంటే ఆశేమైనా ఉందా అమ్మా?” అంది తల్లి.

“లేదమ్మా. నొప్పి లేకుండా చూడగలం, అంతే. అది మీ ఇంట్లోనూ చూడగలం. ఎక్కడన్నది నువ్వే చెప్పాలి. దానికి కూడా నిజం చెప్పనివ్వాలి.”

“ఇంటికే,” అని తల్లి కొంగు నోట్లో కుక్కుకుని తలూపింది. అమ్మమ్మ మాత్రం డాక్టరమ్మ ముంజేతిని పట్టుకుని వదల్లేదు. “మీ హస్తవాసి గొప్పదంటారు. ఇంకొక్కసారి చెయ్యేసి చూడండమ్మా.”

“హస్తవాసి అంతా మందుల్లోనే ఉంటుందమ్మా. అవి అయిపోయాయి. చెయ్యి మాత్రం వేస్తాను.” ఆమె ఆ ముసలి వీపు మీద చెయ్యి వేసి, వణుకు తగ్గేదాకా తీయలేదు.

“దారిలో ప్రాణం పోతే పూచీ ఎవరిది?” అన్నాడు ఆసుపత్రి సూపరింటెండెంటు, ఆమె వెళ్ళి అనుమతి అడగ్గానే.

“నాది.”

“ఇన్నేళ్ళ సర్వీసు. చివర్లో మచ్చ అవసరమా మీకు?”

“పిల్లల వార్డులో మచ్చలేని తెల్లకోటు ఎక్కడైనా చూశారా?”

ఆయన నవ్వకుండా ఉండబోయి, ఉండలేక, అంబులెన్సుకు ఫోను చేశాడు.

ఆమె మళ్ళీ పీట మీద కూర్చుంది. ఈసారి పక్కనే చిన్న డాక్టరును నేల మీద కూర్చోబెట్టింది.

“బయల్దేరుతున్నావు. ఈయనా వస్తున్నాడు నీతో.”

పిల్ల ఆమెను తేరిపార చూసింది. “ఇంటికెళ్తే తగ్గిపోతుందా?”

చిన్న డాక్టరు తల దించుకున్నాడు.

“తగ్గదు తల్లీ. మా దగ్గరున్న మందులన్నీ వాడేశాం. నొప్పి మాత్రం రానివ్వం.”

పిల్ల కొంతసేపు దుప్పటి అంచును వేళ్ళకు చుట్టుకుంది. “పిల్లి పిల్లల్ని ఒళ్ళో పెట్టుకోవచ్చా?”

“వాళ్ళమ్మ గీరకపోతే పెట్టుకోవచ్చు.”

“గీరదులే. నేనంటే దానికి భయం.”

స్ట్రెచరు వచ్చింది. చిన్న డాక్టరు సిలిండరు పట్టుకుని పక్కన నడిచాడు. అతని పనంతా ఆమె మీద పడింది. డబ్బాలోని అన్నం నిలబడే తిన్నది. దగ్గుతున్నవాళ్ళూ, మందు ఉమ్మేసినవాళ్ళూ, అమ్మ కావాలని పేచీ పెట్టినవాళ్ళూ ఎవరి వంతుకు వాళ్ళు ఆమెను పీట మీద కూర్చోబెట్టారు. సాయంత్రానికి లేచేటప్పుడల్లా మంచం కోడు పట్టుకోవలసివచ్చింది.

చీకటి పడకముందే ఫోను మోగింది.

“రెండు కూనలు కళ్ళు తెరిచాయి మేడమ్,” అన్నాడు చిన్న డాక్టరు.

“చూసిందా?”

“చూసింది. మిగతావి బద్ధకిష్టివి అంది. ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయింది. తర్వాత… లేవలేదు. నొప్పి లేదు మేడమ్. ఇది నిజం.”

“తెలుసు. తల్లి దగ్గరే ఉండు కాసేపు. నిలబడకు నాయనా, కింద కూర్చో.”

ఆమె ఫోను పెట్టేసి వార్డులోకి నడిచింది. కిటికీ పక్క మంచానికి ఉతికిన దుప్పటి పరిచారు. ఆయా నేల తుడుస్తూ వచ్చి, ఆ మంచం దగ్గర మాత్రం కొంచెం చోటు పొడిగా వదిలి, చుట్టూ తుడుచుకుపోయింది. ఆ పొడి చోట, మొనలు తలుపు వైపు పెట్టుకుని, ఎడమదానికి పిన్నీసుతో, ఆ చెప్పులు ఉన్నాయి.