అన్న పోసిన ఒడిబియ్యం

ఈ ఎండాకాలం సెలవులకు మా ఇంటికి వస్తున్నానని అన్న కృష్ణకాంత్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేసినప్పుడు పిచ్చిదానిలా సంబరపడ్డాను. తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

"ఊటీ పోదామనుకున్నం చెల్లె. లక్ష దాటుతాంది. గందుకే దగ్గర్ల ఏడికన్న పోదామని, నీ దగ్గరికే వస్తున్నం" అన్నాడు.

ఖర్చు మాట నా చెవికెక్కలేదు. ఒడిబియ్యం తెస్తాడనే ఆశ ఒక్కటే పుట్టింది. అమ్మ ఉన్నన్నాళ్లు మూడేళ్లకోసారి నన్ను పుట్టింటికి, నకిరేకల్‌కు పిలిచి, ఒడిలో పసుపు బియ్యం పోసి, చీర పెట్టి పంపేది. ఆ బియ్యం అత్తగారి ఊరు కేతేపల్లికి తెచ్చి, వండి, వాడకట్టు వాళ్లకు పెట్టేదాన్ని. నా వెనక ఒక ఇల్లుందని అందరికీ తెలిసేది. అమ్మ పోయి ఆరేళ్లయింది. అన్న ఆ ఇల్లమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొన్నాడు. మళ్లీ పిలుపు లేదు.

అన్న, వదిన ప్రవళిక, ఇద్దరు పిల్లలు వారం ఉన్నారు. మూసీ ప్రాజెక్టు చూశారు, ముంజలు తిన్నారు, మా గొర్రెలతో ఫోటోలు దిగారు. బావ వస్తే కోడితో సరిపెడతామా అని నా భర్త లింగస్వామి, అమ్మడానికి పెంచిన పొట్టేలును కోశాడు. పొయ్యి ముందు నిలబడి నిలబడి నా నడుము పడిపోయింది. వదిన తిన్న కంచం కూడా తీయలేదు. పాపం, సెలవులకు వచ్చింది కదా! సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆమె స్నానానికి వెళ్లినప్పుడు వాళ్ల బ్యాగులు చేత్తో నొక్కి చూశాను. బియ్యం మూట తగల్లేదు.

వెళ్లే రోజు పొద్దున మా అత్త సోమమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏం కొడుకా, చెల్లెకు ఒడిబియ్యం ఎప్పుడు పోస్తవు?"

అన్న తల గోక్కున్నాడు. వదినే అందుకుంది. "దానికోసం మళ్ల అందరం కిరాయి పెట్టుకొని రావాల్నా అత్తమ్మా? ఇప్పుడే పోసేస్తే ఐపాయె."

"మరి బియ్యమేవి?"

"ఇంట్ల ఉన్నయి గద. ఏ బియ్యమైతేంది" అన్నాడు అన్న. "చెల్లె, ఓ ఐదు సేర్లు తియ్యి. జర పసుపు కలుపు. చీర పైసలు ఫోన్ల ఏస్త."

లింగస్వామి గొర్రెలకు నీళ్లు పెట్టాలంటూ బయటికి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అయినా తోడబుట్టినవాడు కదా, చివరి నిమిషంలోనైనా సిగ్గుపడతాడేమో అనుకున్నాను. మా బస్తాలోంచి బియ్యం నేనే కొలిచాను. పసుపు నేనే కలిపాను. పీట మీద కూర్చొని కొంగు పట్టాను. అన్న దోసిళ్లతో పోస్తుంటే వదిన వీడియో తీసింది.

"జర నవ్వు చెల్లె" అన్నాడు అన్న.

లేచి నేరుగా బస్తా దగ్గరికి వెళ్లి, ఒడిలోని బియ్యమంతా అందులోనే గుమ్మరించాను.

"గిదేం పని? ఒడిబియ్యం గట్ల పారబోస్తరా?" అంది వదిన.

"పారబోయలే వదినా. ఇవి నా మొగుడు పండించిన బియ్యం. ఏడికెళ్లి తీసిన్నో ఆడ్నే పోసిన" అన్నాను.

అన్న మొహం మాడ్చుకున్నాడు. నలుగురూ బ్యాగులు సర్దుకొని పది గంటల బస్సుకే వెళ్లిపోయారు. నేను రోడ్డుదాకా వెళ్లలేదు.

సాయంత్రం పక్కింటి సావిత్రమ్మ గడపలో నిలబడి, "నాగరాణీ, అన్న ఒడిబియ్యం పోసిండట గద, అన్నానికి ఎప్పుడు పిలుస్తవు?" అని అడిగింది. నాకంటే ముందు అత్తే చెప్పింది.

"మా కోడలికి అన్నదమ్ములు లేరు సావిత్రమ్మా."

వారం రోజులు మా వాకిట్లో అన్నను కళ్లారా చూసిన మనిషి సావిత్రమ్మ. నా మొహంలోకి చూసింది. నేను కాదనలేదు.