చిట్టెమ్మ నవ్విన రీలు

చిట్టెమ్మగారిని ఫోటోకి ఒప్పించడమంటే మాటలు కాదు. ఫోను కనపడితే చాలు, కొంగు మొహానికి అడ్డం పెట్టేస్తుంది. ఎనభై ఏళ్ళొచ్చినా ఆవిడ మొహం తిన్నగా కనిపించే ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. అలాంటి మనిషి, కొడుకు ప్రభుదాసు పాత రీలు కెమెరా కంటికి ఆనించుకుని, ఫోకస్ కుదరక రింగు అటూ ఇటూ తిప్పుతూ పడుతున్న అవస్థ చూసి పకపకా నవ్వేసింది. అతను ఠక్కున నొక్కాడు. కొత్త రీల్లో అదే మొదటి ఫోటో.

ప్రభుదాసు తిరువూరులో డ్రాయింగు మాస్టారుగా చేసి నిరుడే రిటైరయ్యాడు. ఇరవై ఏళ్ళుగా బీరువాలో తువ్వాల్లో చుట్టి పడున్న కెమెరాని తీసి, తుడిచి, మళ్ళీ వాడుతున్నాడు. ఆ బరువు చేతికి హాయిగా ఉండేది. ఫోన్లో అయితే ఒకే గేదెకి నలభై ఫోటోలు తీసేస్తాం. దీన్లో మొత్తం ముప్పై ఆరే, నొక్కేముందు ఆలోచించుకోవాలి మరి! రెడ్డిగూడెం మామిడితోటలూ, బస్టాండూ తీసుకుంటూ ఇరవై రెండుకి చేరాడు.

ఇరవై మూడోది అక్క సామ్రాజ్యానిది. ఆదివారం ఆరాధన అయ్యాక వినగడప నుంచి కొత్త చీరలో వచ్చి, వసారాలో ముచ్చటగా నిలబడి తీయించుకుంది. తమ్ముడు మంచినీళ్ళకి లోపలికెళ్ళాడో లేదో, ఎలా పడ్డానో చూసుకుందామని ఆమెకి చెయ్యి ఆగలేదు. తీసిన ఫోటో వెంటనే చూసుకోవడం అలవాటైన మనిషాయె. కెమెరా పైనున్న గుండ్రటి మరను పట్టుకుని పైకి లాగింది. వెనక మూత తెరుచుకుని, ఇంకా కడగని రీలు వెలుతురు పాలైంది.

ప్రభుదాసు పరుగున వచ్చి మూత మూసేశాడు. ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఆమెని చంపేసింది. ఏడుస్తూ బస్సెక్కి వెళ్ళిపోయింది. అమ్మ మళ్ళీ అలా నవ్వుతుందా, నవ్వినా ఫోటోకి దొరుకుతుందా? రీలు కడగడానికి విజయవాడ పంపి, పది రోజులు అన్నం సహించక తిరిగాడు.

పదకొండో రోజు ల్యాబు అతను ఫోన్ చేశాడు.

"చివర్లో తీసినవన్నీ వెలుతురు కొట్టేసి పోయాయండి. ముందు తీసినవి చుట్ట లోపల ఉండిపోయాయి కదా, పై చుట్లు కప్పి కాపాడాయి. మొదట్లో ఒక మామ్మగారు నవ్వుతున్నారు చూడండి, ఎంత బాగుందో!"

హమ్మయ్య! ప్రభుదాసుకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. అక్కతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా పంపేశానే అని అప్పుడు సిగ్గేసింది.

ప్రింట్లు చేతికి రాగానే ముందు అమ్మకి చూపించాడు. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదావిడ. తర్వాత కెమెరా కూడా భుజాన వేసుకుని వినగడప బస్సెక్కాడు. సామ్రాజ్యం భయపడుతూనే కవరు విప్పింది. అమ్మ నవ్వు చూసి కళ్ళు తుడుచుకుంది. అన్నీ తిరగేసి, చివరికి తెల్లగా తేలిన ప్రింటు ఒకటి పట్టుకుని అడిగింది.

"ఇదేంట్రా?"

"నువ్వేనక్కా."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ప్రభుదాసు కొత్త రీలు ఎక్కించి ఆమెని గుమ్మంలో కూర్చోబెట్టాడు. సామ్రాజ్యం చేతులు రెండూ వెనక్కి కట్టుకుని మరీ కూర్చుంది.