పైకి లాగే గాలి

ఆ మధ్యాహ్నం మాస్టారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు. రేడియో ఉన్న వ్యాను దగ్గర్నుంచి షెడ్డుకి, షెడ్డు నుంచి మైదానం అంచుకి, అక్కణ్నుంచి మళ్ళీ వ్యానుకి. కూర్చోమంటే కూర్చోరు, ఏమైందంటే చెప్పరు. మెడ మాత్రం వెనక్కి వాల్చే ఉంచారు.

ఆయన పని ఇంజను లేని విమానం నడపడం నేర్పడం. గ్లైడర్ అంటారు దాన్ని. రెక్క ఆడించకుండా చుట్లు తిరుగుతూ గద్ద ఎలా పైకి పోతుందో ఇదీ అలాగే పోతుంది. అందుకని, ముక్కు కూడా కాస్త వంపుగా ఉంటుందని, వెనకాల అందరూ ఆయన్ని గద్ద మాస్టారంటారు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. లోపల్లోపల ఇష్టమే.

మైదానంలో సగం మంది ఆయన ఇంటివాళ్ళే. గ్లైడర్ తనంతట తాను లేవలేదు కనుక, పొడుగాటి ఉక్కు తాడు కట్టి గాలిపటాన్ని లేపినట్టు లాగే యంత్రం ఒకటి ఉంటుంది. దాన్ని నడిపేది ఆయన అక్క మొగుడు. ఆ బావ కూతురే పిట్ట. బడికి పోయే వయసు రాకముందు నుంచే మామయ్య చంక దిగకుండా ఈ మైదానంలో పెరిగింది, ఇప్పుడు లైసెన్సు చేతికొచ్చిన పిల్ల. పొద్దుటి నుంచీ పైనే ఉంది, ఒంటరిగా.

మాస్టారి తిరుగుడంతా ఆ పిల్ల గురించే. తూర్పు వైపు మబ్బు ఒకటి ఆయనకి నచ్చలేదు.

మబ్బు నచ్చకపోవడమేమిటంటే, ఆయన శిష్యులకి మొదటి రోజు చెప్పే పాల గిన్నె పాఠం వినాలి. ఎండకి నేల కాగుతుంది. నేలనంటుకున్న గాలి వేడెక్కి, తేలికై లేస్తుంది. చుట్టూ ఉన్న గాలి తనకన్నా చల్లగా ఉన్నంతసేపూ లేస్తూనే ఉంటుంది. ఎక్కడో పైన వెచ్చటి గాలి పొర మీగడలా పరుచుకుని ఉంటే అక్కడ తల తగిలి ఆగిపోతుంది. అలాంటి రోజున మబ్బులు చిన్నచిన్నగా, నెత్తిన పీట పెట్టి అణిచినట్టు చదునుగా ఉంటాయి. ఎగిరేవాళ్ళకి అంతకన్నా మంచి రోజు లేదు. కానీ ఆ మీగడ తెగిందా, పాలు పొయ్యి పాలే. లేచిన గాలిలో తేమ మబ్బుగా మారుతూ తన వేడిని వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా తేలికవుతుంది, ఇంకా లేస్తుంది. అప్పుడిక కింద ఎవరూ మంట పెట్టనక్కర్లేదు, తన మంట తనే పెట్టుకుంటుంది.

పొద్దున అన్నీ చదును మబ్బులే. భోజనాలయ్యాక చూస్తే తూర్పున ఒకదానికి నెత్తిన పీట లేదు. కాలీఫ్లవర్ పువ్వులా బుడిపె మీద బుడిపె వేస్తూ, చూస్తుండగానే ఉబ్బుతోంది. దాని కడుపు కింద నీడ చిక్కబడుతోంది. పిట్ట సరిగ్గా ఆ నీడలోనే తిరుగుతోంది.

మైకు తీసుకుని దిగమని ఒక్క మాట చెప్పొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన తీసుకున్నారు కూడా. తీసుకుని పెట్టేశారు, మళ్ళీ తీసుకుని మళ్ళీ పెట్టేశారు.

అడ్డొచ్చింది షెడ్డు గోడ మీది బోర్డు. అందులో ఆ మైదానం నుంచి ఎగిరినవాళ్ళలో అందరికన్నా ఎత్తు ఎవరు వెళ్ళారో రాసి ఉంటుంది. మూడు వేల రెండు వందల నలభై మీటర్లు, పక్కన మాస్టారి పేరు. పిట్ట బొమ్మలతో ఆడుకునే రోజుల్లో రాసిన అంకె అది, ఇంతవరకు చెరగలేదు. ఆ అంకె మీద ఆయన నిధి మీద పాములా కూర్చున్నారని మైదానమంతా నవ్వుకుంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, మాస్టారికి ఆకాశంలో దోషాలు కనపడతాయని ఒక సామెతే పుట్టించారు. అందులో కొంత నిజం లేకపోలేదు.

ఇవాళ పిట్ట ఆ అంకెకి దగ్గరవుతోంది. పొద్దున బయల్దేరేటప్పుడే, మామయ్యా ఇవాళ నీ బోర్డు తుడవడానికి గుడ్డ తడిపి ఉంచు అని చెప్పి మరీ పోయింది. అందరితో పాటు ఆయనా నవ్వారు. నవ్వుతూనే కడుపులో ఎక్కడో చురుక్కుమంది. సొంత మేనకోడలు, తను చెయ్యి పట్టి నేర్పిన పిల్ల, అయినా చురుక్కుమంది. ఇప్పుడు ఆయన బాధంతా అదే. తనకి నచ్చనిది ఆ మబ్బా, ఆ పిల్ల ఎత్తా? ఈ గుండె దడ ఆకాశం చూసి పుట్టిందా, అసూయలోంచి పుట్టిందా? ఎంత తవ్వుకున్నా తేలలేదు. తేలక, మైదానమంతా నడిచారు.

రేడియో దగ్గర కూర్చున్న క్లబ్బు సెక్రటరీ ఊరుకునే రకం కాదు. సింహాసనం కదులుతోందా మాస్టారూ అని పలకరించాడు. మాస్టారు తీసిన మైకు మూడోసారి కింద పెట్టారు. ఆ పెట్టడంలో పోయిన సమయం గుర్తొచ్చి ఆయనకి ఆ తర్వాత చాలా రోజులు నిద్ర పట్టలేదు.

అప్పుడే రేడియోలో పిట్ట గొంతు వినిపించింది. నవ్వుతోంది.

"మామయ్యా, ఇవాళ చుట్లు తిరగక్కర్లేదు. ముక్కు ఎటు పెట్టినా అదే లాక్కెళ్తోంది. మూడు వేలు దాటాను."

మాస్టారికి ఇక సందేహం లేదు, ఇది అసూయ కాదు. పైకి లేచే గాలి ఎప్పుడూ ఓ బావి వెడల్పునో, చెరువు వెడల్పునో ఉంటుంది. అందులోంచి జారిపోకుండా ఉండడానికే చుట్లు తిరుగుతారు. తిరగకుండానే లేస్తోందంటే మబ్బు తన కిందున్న గాలినంతా ఒక్కసారిగా లోపలికి పీలుస్తోందన్నమాట. ఆ లోపలికి పోయినవాళ్ళకి పైకేదో కిందికేదో తెలీదు. మంచు పేరుకుంటుంది, రెక్కలు విరుగుతాయి. అలా పోయిన ఒక స్నేహితుడి పాడె ఆయన భుజాన మోశారు.

మైకు లాక్కుని, వెంటనే బయటికి వచ్చెయ్యమన్నారు. పిట్ట ఇంకా నవ్వుతూనే ఉంది. మబ్బు అడుగు ఇంకా పైనే ఉందట, ఇంకో నూట యాభై మీటర్లేనట, ఆ అంకె దాటగానే దిగుతుందట.

"అంతసేపు అది నిన్ను ఆగనివ్వదు పిట్టా. నా మాట విను."

"ఇదే మాట నాన్న చెప్తే వినేదాన్ని మామయ్యా. నువ్వు చెప్తే మాత్రం..."

మిగతాది అనలేదు. అనక్కర్లేకపోయింది. వ్యాను చుట్టూ ఉన్నవాళ్ళందరికీ వినిపించింది. ఇందాక వేళాకోళమాడిన సెక్రటరీ తల దించుకుని పెన్ను మూత పెట్టడం, తియ్యడం మొదలుపెట్టాడు. యంత్రం ఆపేసి బావ పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మాస్టారు మైకు మీట నొక్కారు. ఏం చెప్పాలో ముందు అనుకోలేదు.

"ఆ అంకె అబద్ధం పిట్టా. నేను వెళ్ళింది మూడు వేలే. మిగతాది కింద దిగాక కలుపుకున్నాను. వెనక సీట్లో మీ నాన్న కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, చూసినవాళ్ళెవరూ లేరు. నువ్వు నన్ను ఎప్పుడో దాటేశావు. ఇక పైన నీకేం పని లేదు."

బావ నోరు తెరిచాడు. ఆ రోజు వెనక సీట్లో కూర్చుని, వణుకుతూ, ఎత్తు చూపించే ముల్లు చూసి అంకె పైకి చదివిందే ఆయన. మూడు వేల రెండు వందల నలభై, ఇక చాలు, నన్ను దింపెయ్యి నాయనా అని కూడా అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ ఎప్పుడూ ఎగరలేదు. బావమరిది మొహం ఒకసారి చూసి, తెరిచిన నోరు మూసుకున్నాడు.

"నిజంగానా?" అంది పిట్ట. గొంతులో నవ్వు పోయింది.

"నిజం. రెక్కల మీది బ్రేకులు తెరువు. ముక్కు దించి ఎండ ఉన్న వైపు పారిపో. కిందికి తోసే గాలి తగిలితే తప్పించుకోకు. ఇవాళ మనకి అదే చుట్టం."

జీవితమంతా కిందికి తోసే గాలిని తప్పించుకోమని నేర్పిన మనిషి. కాసేపటికి, బ్రేకులు తెరిచినా లేస్తూనే ఉన్నానని పిట్ట చెప్పింది. ఇప్పుడు ఆ పిల్ల గొంతులో భయం పూర్తిగా తెలుస్తోంది. ఎండ కనిపిస్తోందా అని అడిగారు. ఎడమ వైపు ఒక గీతలా ఉందంది. ఆ గీత వదలొద్దన్నారు. ఆ తర్వాత రేడియోలో బరబర తప్ప ఏమీ లేదు.

గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి స్తంభానికి కట్టిన గాలి సంచి, పొద్దుటి నుంచీ వేలాడుతున్నది, ఉన్నట్టుండి మబ్బు వైపు నుంచి నిండి బిగుసుకుంది. మబ్బు మోసిందంతా ఒక్కసారి కిందికి కుమ్మరించింది. చల్లటి ఈదరగాలి, తడిమట్టి వాసన, వెంటనే షెడ్డు తలుపులు ధడాధడా కొట్టుకోవడం. నలుగురూ పరిగెత్తి గ్లైడర్లని పట్టుకుని కూర్చున్నారు. వడగళ్ళు మొదలయ్యాయి. మాస్టారు మాత్రం మైకు వదల్లేదు. పిట్టా, పిట్టా అని పిలుస్తూనే ఉన్నారు. పక్కన బావ ఆయన చొక్కా అంచు పట్టుకుని ఉన్నాడు, తనకి తెలీకుండానే.

చివరికి వినిపించింది. రోడ్డు అవతల బీడులో దిగిందట. ఒంటికి ఏమీ కాలేదట.

మాస్టారు మైకు కింద వదిలేసి లేచారు. సెక్రటరీ తీసి పక్కన పెట్టాడు. మాస్టారి కళ్ళలోకి మాత్రం చూడలేదు. ఊళ్ళో అబద్ధాలకోరుని చూడకుండా ఎలా తప్పుకుంటారో అలా తప్పుకున్నాడు.

గ్లైడర్ని తేవడానికి బావా బావమరిదీ వ్యానుకి పొడుగాటి ట్రైలరు తగిలించుకుని బయల్దేరారు. పైకప్పు మీద వడగళ్ళు మోగుతున్నాయి. బావ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు.

"నేను కళ్ళు మూసుకున్నానా?"

"మూసుకున్నావు బావా."

బావ ఇంకో మలుపు తిప్పాడు. "సరే, మూసుకున్నాను," అన్నాడు.

పిట్ట బీడులో రెక్క కింద ముడుచుకుని కూర్చుని ఉంది, నిలువెల్లా తడిసి. నాన్నని చూడగానే పసిపిల్లలా వచ్చి మీద పడి ఏడ్చింది. మామయ్య దగ్గరికి రాలేదు. ఏడుపు తగ్గాక అక్కడే నిలబడి మాట్లాడింది.

"చిన్నప్పట్నుంచి ఆ అంకె చూసుకుంటూ పెరిగాను మామయ్యా. ఇక నువ్వు చెప్పేది ఏది నమ్మాలి?"

ఈ నమ్మకమూ పోతుందని ఆ మీట నొక్కినప్పుడు మాస్టారికి తట్టలేదు. పోయేది పేరొక్కటే అనుకున్నారు.

"కింద ఉన్నావు కాబట్టే అడగ్గలుగుతున్నావు," అన్నాడు బావ. కూతుర్ని ఆయన ఎప్పుడూ అంత గట్టిగా అని ఎరగడు. పిట్ట నాన్న వైపు కాసేపు అనుమానంగా చూసింది. నువ్వు నిజంగా ముల్లు చూడలేదా అని అడిగింది. నాకు ఎత్తంటే భయమని నీకు తెలుసుగా అన్నాడాయన, నేల చూస్తూ.

వాన సన్నగిల్లింది. ముగ్గురూ రెక్కలు ఊడదీయడానికి వంగారు. గ్లైడర్‌లో ఎత్తు రాసుకునే యంత్రం ఉంటుంది, పిట్ట దాన్ని తీసి చూసింది. తప్పించుకునేలోపు అది తనని మూడు వేల నూట ఎనభై దాకా లాక్కెళ్ళిందట.

"అయితే ఇప్పుడు నాదే ఎక్కువన్నమాట," అంది. అందులో సంతోషమేమీ లేదు. ఊరికే అడిగింది.

బోర్డు మీది అసలు అంకెకి ఇంకా అరవై మీటర్లుంది. ఒక్క మాట అంటే చాలు, పోయిన పేరు వచ్చేస్తుంది, సాక్షి పక్కనే ఉన్నాడు, ఆపద కూడా దాటిపోయింది. అన్నారంటే ఈ పిల్ల ఆ అరవై కోసం ఇలాంటి మబ్బే వెతుక్కుంటూ మళ్ళీ పోతుంది. బావ రెక్క పట్టుకుని, చెప్తారా చెప్పరా అన్నట్టు ఆగిపోయాడు. మాస్టారికి కడుపు నిజంగానే మండింది, ఈసారి అది మబ్బు వల్లా కాదు, భయం వల్లా కాదు.

"నీదే ఎక్కువ," అన్నారు. అని, రెక్క రెండో కొస ఎత్తి పట్టుకున్నారు.